సెంటినరీ-2 దొరికిన ఆదివారం

గోదావరిఖని,
మంగళవారం.

మా పెద్దక్కకు,

చెల్లెలు స్వరూప దండం పెట్టి రాస్తున్నాను. నేను బాగున్నాను. జ్వరం లేదు, తలనొప్పి లేదు, పూటపూటకూ తింటున్నాను. ఈ ముక్క ముందే రాసేస్తే మిగతాది నువ్వు నిదానంగా చదువుతావని రాశాను. నువ్వు ఎట్లా ఉన్నావు? బావ నడుము నొప్పి తగ్గిందా? మీ అత్తమ్మ మోకాళ్ళకు నూనె రాయించుకుంటోందా, లేక నాకేమైందని ఇంకా అందరినీ కసురుతూనే ఉందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? అందరూ బాగుండాలని రోజూ అనుకుంటాను. అనుకోవడానికి ఖర్చేమీ లేదు కాబట్టి రెండుసార్లు అనుకుంటాను.

ఫోనులో నాలుగు ముక్కలు పంపితే అది ఉత్తరం కాదనీ, కాగితం మీద రాస్తే మధ్యాహ్నం తిన్నాక పడుకుని చదువుకుంటాననీ అన్నావని బావ చెప్పాడు. సరే, ఇదిగో కాగితం. రాయక చాలా రోజులైంది కదా, అక్షరాలు పక్కకు ఒరిగితే నవ్వకు.

నేనొచ్చి నాలుగు నెలలు నిండాయి. మొదటి నెల సాయంత్రం పని కాగానే బస్టాండు దాకా నడిచి, సిరిసిల్ల బోర్డు ఉన్న బస్సు కదిలేదాకా చూసి వచ్చేదాన్ని. ఎక్కేదాన్ని కాదు. ఇప్పుడు అటు పోవడం లేదు. పోవడం లేదంటే మిమ్మల్ని మరిచిపోయానని కాదు, కాళ్ళకు ఇక్కడి ఇంటిదారి అలవాటైందంతే. ఎండ మాత్రం మన దగ్గరికన్నా ఎక్కువే. తెల్ల దుప్పటి ఆరేస్తే బొగ్గుదుమ్ముకు సాయంత్రానికి బూడిదరంగులోకి వస్తుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి. మొదటిసారి నేను మంచం కిందికి దూరాను. ఇంటివాళ్ళు దాన్ని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తారు.

ఇంటివాళ్ళంటే కనకయ్య కాక, రాజవ్వ చిన్నమ్మ. వాళ్ళ ముందరి గదిలోనే నేను కిరాయికి ఉంటున్నాను. కాక బొగ్గుబాయిలో పనిచేసి ఆరేళ్ళ కింద రిటైరయ్యారు. మాట తక్కువ. పొద్దున్నే లేచి నా బకెట్టు కూడా నింపి పెడతారు, ఎందుకు కాకా అంటే వినపడనట్టు ఉంటారు. చిన్నమ్మ నా చేత సర్వపిండి చేయించి, అది మాడితే తన పిండే మంచిది కాదని సర్దిచెప్పింది. నాకు ఇక్కడ తల్లిలాంటి మనిషి దొరికింది, నీకు దిగులు వద్దు. ఈ ఉత్తరమంతా ఆ కనకయ్య కాక గురించే. అసలు సంగతి అర్థం కావాలంటే ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి, ఓపిక పట్టు.

నేను పనిచేసేది ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు చేసే ఒక చిన్న సెంటరులో. అక్కడి కంప్యూటర్లు చూసుకోవడం నా పని. అన్నిటికీ పెద్దది ఒకటి ఉంటుంది, దాన్ని సర్వరంటారు. మా సర్వరు ముసలిది. గదిలో కూలరు మొత్తం దానికే, మాకు గాలి మిగిలితే మిగిలినట్టు. దానికో అలవాటుంది. తన తీగకు ఏ కంప్యూటరును కలిపినా, ఎవరూ చెప్పకుండానే దాని పేరు కనుక్కుని ఒక జాబితాలో రాసుకుంటుంది. పేరు పక్కన 'కలిసి ఉంది' అనో 'కలిసి లేదు' అనో చూపిస్తుంది. అంతే తెలుసు దానికి. ఆ కంప్యూటరు ఏ గదిలో ఉంది, ఎవరు దాని ముందు కూర్చుంటారు, అసలు ఇంకా పనిచేస్తోందా, పాత ఇనుముకు పోయిందా అన్నది దానికి తెలియదు. ఒక కంప్యూటరుకు పేరు మారిస్తే కొత్త పేరు రాసుకుంటుంది, పాతదాన్నీ అట్లాగే ఉంచుకుంటుంది. మందుల కంపెనీ ఆయన ఎవరో ఒకసారి వచ్చి తన లాప్‌టాప్ తగిలించి పోతే ఆ పేరు కూడా ఉంది.

నేను చేరినప్పుడు మా దగ్గర నడిచే కంప్యూటర్లు తొమ్మిది, జాబితాలో పేర్లు ఇరవై. త్వరలో కొత్త సర్వరు తెస్తున్నామనీ, ఈలోపు ఆ చెత్తంతా శుభ్రం చెయ్యమనీ మా డాక్టరు సారు చెప్పారు. ఆ సెంటరు ఆయనదే. నాకు శుభ్రం చెయ్యడమంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు కదా, నీ పెట్టె సర్ది నీ పాత పట్టుచీర ఎవరికో ఇచ్చేసినదాన్ని. వెంటనే పదకొండు పేర్లూ తీసేశాను.

అయితే జాబితా అక్కడొక్కచోటే లేదు, గోడ మీద కూడా ఉంది. మా సెంటరులో పోశం మామ అని పెద్దాయన ఒకరున్నారు. తలుపులు తియ్యడం, సామాను తేవడం, తేవడం ఇష్టం లేకపోతే గొణగడం ఆయన పని. అంతకుముందు బాయి పైన లాంపురూములో పనిచేశారు. బాయిలో దిగే ప్రతి మనిషికీ అక్కడ దీపంతో పాటు నంబరున్న బిళ్ళ ఒకటి ఇస్తారట. పైకి వచ్చాక బిళ్ళ తిరిగిస్తే మేకుకు తగిలిస్తారు. పోశం మామ ఇక్కడికొచ్చాక కంప్యూటర్లకూ అదే పద్ధతి పెట్టారు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి, ఒక్కో కంప్యూటరుకు ఒక్కో బిళ్ళ చేసి, పేరు రాసి, చెక్కమీద మేకులకు వేలాడదీశారు. పనిచేసేవి కుడివైపు, బయటికి పోయినవి ఎడమవైపు. చూడగానే నాకు నవ్వొచ్చింది. జాబితాలో తీసిన పేర్లు గోడ మీదెందుకని ఎడమవైపు బిళ్ళలన్నీ తీసి ఒక కవర్లో వేశాను.

మర్నాడు చూస్తే బిళ్ళలన్నీ మళ్ళీ మేకులకున్నాయి. ఏంటి మామా ఇది, ఇవి మనుషులా, డబ్బాలు కదా అన్నాను. ఆయన కోప్పడలేదు. చెక్క దగ్గర నిలబడి మెల్లగా అన్నారు: "బిళ్ళ మేకుకు రాలేదంటే మనిషి ఇంక బాయిలనే ఉన్నట్టు బిడ్డా. షిఫ్టు అయిపోయిందని పేరు కొట్టేస్తరా ఎవలన్న?" పెద్దాయన పాత రోజుల్లో ఉండిపోయాడులే అనుకుని వదిలేశాను.

ఇది జరిగిన మూడు వారాలకు కనకయ్య కాకకు దగ్గు ఎక్కువైంది. మా సెంటరులోనే ఛాతీ ఫోటో తీశారు. కుడివైపు పైన తెల్లగా ఒక మచ్చ కనపడింది. కరీంనగర్‌లో పెద్ద డాక్టరుకు చూపిస్తే ఆయన రెండే మాటలు చెప్పారట. పాత ఫోటో ఏదైనా ఉండి, అందులోనూ ఈ మచ్చ ఇంతే ఉంటే భయపడే పని లేదు. పాతది లేకపోతే సూది లోపలికి పంపి ముక్క తీసి చూడాల్సిందే. వచ్చే సోమవారం రమ్మన్నారు. సూది పొడవు మాట పక్కన పెట్టు, ఆ మచ్చ ఏమిటన్నదే కాకను పట్టుకుంది. ఆయనతో కలిసి బాయిలో దిగినవాళ్ళలో ఒకరిద్దరికి అట్లాంటి మచ్చతోనే మొదలై ప్రాణం పోయిందట.

పాత ఫోటో ఉండేది. రిటైరయ్యే ఏడాది తీయించుకున్నారు. అదేమైందో తెలుసా? ఆ తర్వాత సూర్యగ్రహణం వచ్చినప్పుడు వాడకట్టు పిల్లలు అడిగితే కాకే స్వయంగా కత్తెర తెచ్చి, ముక్కలు చేసి, తలా ఒకటి ఇచ్చారట. మన దగ్గరా అంతే కదా, ఎవరింట్లో ఎక్స్‌రే ఉంటే వాళ్ళింటికి పరుగెత్తేవాళ్ళం. వాడకట్టంతా కాక ఛాతీలోంచి సూర్యుణ్ణి చూసింది. ఈ మాట నేనంటే చిన్నమ్మ నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వారం ఆ ఇంట్లో ఉండటం కష్టమైందక్కా. కాక భయమేస్తోందని ఒక్కసారి అనలేదు. తిండి తగ్గించారు. కానీ నీళ్ళ మోటరు ఏ మీట నొక్కితే నడుస్తుందో, గ్యాస్ సిలిండరు ఎట్లా మార్చాలో, కరెంటు పోతే ఏ తీగ చూడాలో చిన్నమ్మకు ఒక్కొక్కటిగా చూపించడం మొదలుపెట్టారు. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమెను మోటరు ముట్టనివ్వని మనిషి. చిన్నమ్మ కూడా బడిపిల్లలా తల ఊపి నేర్చుకుంది. నల్లా దగ్గర బిందె నిండుతుంటే నాతో అంది: "గివన్ని నాకెందుకు నేర్పుతున్నడో నాకెరుకనే బిడ్డా." బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

శుక్రవారం చిన్నమ్మ పెట్టె అడుగున ఆ ఫోటో పెట్టిన కవరు దొరికింది, ఖాళీ కవరు. దాని మీద మా సెంటరు చీటీ ఉంది: కాక పేరు, తేదీ, చివర చిన్న అక్షరాల్లో ఫోటో తీసిన కంప్యూటరు పేరు, సెంటినరీ-2. నేను తీసేసిన పదకొండు పేర్లలో అదొకటి. మా సెంటరుకు సెంటినరీ కాలనీ దగ్గర ఇప్పుడు గది లేదు కాబట్టి, అది లేని కంప్యూటరేనని మొట్టమొదట దాన్నే తీసేశాను. మా సర్వరులో మూడేళ్ళ నుంచి తీసిన ఫోటోలే ఉన్నాయి. అంతకుముందువి ఏ కంప్యూటరులో తీస్తే అందులోనే ఉండిపోయాయి.

శనివారం పొద్దున పోశం మామ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, దాచను. ఆయన చెక్క దగ్గరికి పోయి సెంటినరీ-2 బిళ్ళ తీసి వెనక్కు తిప్పారు. రేకు మీద మేకుతో గీకి రాసుకున్నారు: పాత మడిగె, సజ్జ మీద. ఒకప్పుడు మా సెంటరు గది నడిచిన దుకాణంలో అటక మీదన్నమాట. ప్రతి బిళ్ళ వెనకా అట్లా ఏదో ఒకటి ఉంది, ఎవరిదో గోదాములో ఉందనో, కాలిపోయిందనో. నేను పేర్లు చూసి తీసేశానే గాని ఒక్క బిళ్ళనూ తిప్పి చూడలేదు.

"నువ్వు తీసింది పేరును. డబ్బాను కాదు గద," అన్నారాయన. "ఏడున్నదో పోయి చూద్దాం పా."

అది నాకు తెలియాల్సిన మాటే, కానీ ఆయన నోటి నుంచి వచ్చాక గాని అర్థం కాలేదు. సర్వరు తనకు తాను కనుక్కుని రాసుకున్నదాన్నే నేను చెరిపాను. కంప్యూటరు ఎక్కడో ప్రాణంతో ఉంటే, తీగ కలిపితే, మళ్ళీ కనుక్కోవాలి. కనుక్కోవాలి అని రాస్తున్నాను, కనుక్కుంటుందని అప్పుడు నాకు నమ్మకం లేదు.

ఆదివారం పొద్దున ఇద్దరం సెంటినరీ కాలనీ పోయాం. గేటు ముందర వరుసగా మడిగెలు. మా సెంటరు వాళ్ళ పాత మడిగెలో ఇప్పుడు ఒకామె బట్టలు కుడుతోంది. సంగతి చెప్పగానే స్టూలు వేసుకుని తనే సజ్జ మీదికి చూసింది. జాకెట్ ముక్కల మూటల కింద, నల్లటి దుమ్ములో ఉంది మన సెంటినరీ-2. దాన్ని ఆమె ఇన్నాళ్ళూ మూటలకు ఎత్తుగా వాడుకుందట. చీర ముక్కతో తుడిచి ఇచ్చి, ఆ కాక ఎవరోగాని మంచిగుండాలె అంది. పేరైనా అడగలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాను, గుంత వచ్చినప్పుడల్లా పైకి ఎత్తి పట్టుకుంటూ. పోశం మామ నన్ను చూసి మొహం అటు తిప్పుకుని నవ్వారు.

మధ్యాహ్నం సెంటరు మూసి ఉంది. డాక్టరు సారు తాళాలు ఇచ్చి పంపారు. కాక కూడా వచ్చి రోగులు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు. కరెంటు ఇవ్వగానే డబ్బాలో ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. తెర తగిలించే చోట సూదులు విరిగిపోయాయి. అంటే దానిలోపల ఏముందో నేరుగా చూడలేము, సర్వరు కనుక్కుంటేనే దాని ద్వారా లోపలికి పోగలం. తీగ కలిపి సర్వరు ముందు కూర్చున్నాను. జాబితాలో తొమ్మిది పేర్లున్నాయి. చూస్తూనే ఉన్నాను, తొమ్మిదే ఉన్నాయి.

అది క్షణం క్షణం వెతకదక్కా. ఎవరెవరున్నారని అప్పుడప్పుడు ఒక కేక వేసి ఊరుకుంటుంది, ముసలిది కాబట్టి ఆ కేక కూడా మెల్లగానే వేస్తుంది. పావుగంట గడిచింది. కాక లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. "దొరకకుంటే దొరకకపాయె బిడ్డా, నువ్వు మనసుల పెట్టుకోకు," అన్నారు. ఆయన నన్ను ఓదార్చడం నాకు భరించడం కష్టమైంది. వంగి తీగ చూస్తే, తగిలించిన చోట వెలగాల్సిన చిన్న దీపం వెలగడం లేదు. ఏరి ఏరి చచ్చిన తీగే పెట్టానన్నమాట. వేరే తీగ మార్చాను, దీపం వెలిగింది. మళ్ళీ కూర్చున్నాం. బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు అదిరాయి, మేం ముగ్గురం అటు చూడనైనా లేదు.

ఎవరూ ఏమీ నొక్కకుండానే తొమ్మిది పేర్ల కింద పదో పేరు వచ్చింది. సెంటినరీ-2, కలిసి ఉంది.

"వచ్చిండు," అన్నారు పోశం మామ.

లోపల తేదీల వారీగా ఫోటోలు ఉన్నాయి, కాక ఫోటో కూడా ఉంది. కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టాను. రెండింటిలోనూ అదేచోట మచ్చ ఉంది. నా కంటికి ఒకటే అనిపించింది, కానీ నా కన్ను డాక్టరు కన్ను కాదు కాబట్టి నోరు విప్పలేదు. కాక మాత్రం తెర వైపు కాకుండా నా మొహం వైపే చూస్తున్నారు. ఆ చూపు నేను మరిచిపోలేను.

నిన్న సోమవారం ముగ్గురం కరీంనగర్ పోయాం, కాక, చిన్నమ్మ, నేను. పెద్ద డాక్టరు రెండు ఫోటోలూ వెలుతురుకు పెట్టి, స్కేలుతో కొలిచి, ఇది పాత మచ్చేనని, ఆరేళ్ళుగా పెరగలేదని, సూది అక్కర్లేదని చెప్పారు. దగ్గుకు మందు రాసి, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. చిన్నమ్మ అక్కడే డాక్టరుకు రెండు చేతులా దండం పెట్టింది. బస్సులో కాక కిటికీ పక్కన కూర్చుని సుల్తానాబాద్ దాటాక అన్నారు: "ముప్పై ఏండ్లు బాయిల దిగిన బిడ్డా. భయం ఎట్లుంటదో గీ వారం తెలిసింది." ఆ తర్వాత నిద్రపోయారు. గోదావరిఖనిలో లేపేదాకా లేవలేదు.

డాక్టరు సారుకు నా తప్పు నేనే చెప్పాను. ఆయన కొంచెం గట్టిగానే మందలించారు, నేను పడ్డాను. మిగిలిన పేర్లకూ బిళ్ళల వెనక చూసి జాడ తీస్తున్నాను. దొరికినవాటిలో పాత ఫోటోలు కొత్త సర్వరులో పెట్టాకే పేర్లు తీస్తాను. ఉద్యోగానికేమీ కాలేదు, నువ్వు ఫికరు చెయ్యకు.

బావను అడిగి మంచి నూలు తువ్వాలలు రెండు పంపించు, కాకకూ పోశం మామకూ. ఎల్లిపాయ కారం అయిపోయింది, అదీ పంపించు. బావకు, మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలను దగ్గరికి తీసుకున్నానని చెప్పు. నీ దీవెన ఎప్పుడూ నా మీద ఉంటుందని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఇక నేను ఈ కాగితం పట్టుకున్నది ఎందుకో రాస్తాను. పోయిన నెల నేనొచ్చినప్పుడు పొద్దున పొయ్యి దగ్గర నువ్వు దగ్గుతూనే ఉన్నావు. దగ్గేందక్కా అని చెవి దగ్గర అరిస్తే, ఎవలు, నేనా అన్నావు. మరమగ్గాల షెడ్డులో సాంచెల మోతకు నీ చెవులు పోయి ఐదేళ్ళయింది. నీ దగ్గు నీకు వినపడటం లేదక్కా, నాకు వినపడింది. వినపడినా ఏమీ అనకుండా బస్సెక్కి వచ్చేశాను. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులో దారం నూగు పీలుస్తున్నావు. నీకేదో ఉందని రాయడం లేదు. ఏమీ ఉండదు. ఏమీ లేనప్పటి ఫోటో ఒకటి నీకు ఉండాలి, అది నా దగ్గర భద్రంగా ఉండాలి. నాకు భయంగా ఉంది, అందుకే అడుగుతున్నాను.

నాలుగు రోజులు వచ్చి నా దగ్గర ఉండు. ఏ బస్సుకు వస్తావో బావతో చెప్పించు, నేను బస్టాండులో ఉంటాను. ఫోటో తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమని, వదలమని లోపలినుంచి చెబుతారు, అది నీకు వినపడదని జంకకు. నేను అద్దం అవతల నీకు ఎదురుగా నిలబడతాను. నా వైపే చూడు. నేను చెయ్యి ఎత్తితే ఊపిరి పట్టు, దించితే వదులు.

ఇట్లు,
నీ చెల్లె
స్వరూప